అద్దానికి పోసిన తొలిధార

పాంచెవో,
నవంబరు 3, 1986

స్తోయాంకా,

నీ ఉత్తరం చేరింది. మూడు పేజీలు పందుల గురించీ మీ అత్తగారి మోకాళ్ల గురించీ రాసి, అసలు సంగతి చివర అంచున ఇరికించి అడిగావు. పెట్రోలు బంకులో పనిచేసే సొంత అక్కని అడగడానికి కూడా ఇంత బెదురైతే ఎట్లాగే? సరే, విను.

బండి ముందు అద్దం కడిగే నీళ్లు రెండు రకాలు. వేసవివి, చలికాలానివి. రెండూ నీలంగానే ఉంటాయి, రంగు చూసి మోసపోకు. వేసవివి పోస్తే మీ కొండ మీద అద్దానికి తగలగానే మంచుపొర కడతాయి. ఎదురుగా ఆవు నిలబడినా స్కూలు బండి నడిపే మీ ఆయన మిలిసావ్‌కి కనపడదు. డబ్బా మీద చిన్న అడ్డగీత, పక్కన ఎంత చలిదాకా గడ్డకట్టదో చెప్పే అంకె ఉంటుంది. మీ చలికి ముప్పై ఉండాలి. మూత సీలు ఊడి ఉండకూడదు. పీపాలోంచి వంచి అమ్మేది మాత్రం కొనకు. చవగ్గా వస్తుందని దాంట్లో మిథైల్ అనే సారా కలుపుతారు, అది విషం. తాగితే కళ్లు పోతాయి, ఊరికే పీల్చినా పిల్లలకి తల తిరుగుతుంది. ఘాటు వాసన వచ్చేది ఏదీ స్కూలు బండికి పనికిరాదు.

పాత నీళ్లు మొత్తం తీసేశాకే కొత్తవి పొయ్యి. పోశాక అద్దం మీదికి నాలుగైదుసార్లు చిమ్మించు. లేకపోతే గొట్టంలో మిగిలిన పాత నీళ్లు గడ్డకట్టి దారి మూసేస్తాయి. వేణ్నీళ్లు పొయ్యకు, అద్దం పగులుతుంది.

చదవడం నీకు నిదానమని నాకు తెలుసు. తొందరపడకు. అంకె చూసుకుంటే చాలు. నాలుగో తరగతిదాకా చదివావు, ముప్పై గుర్తుపట్టలేవా?

మీ అక్క
రాదోయ్క


గోర్న్యె పోల్యె,
నవంబరు 15

ప్రియమైన అక్కకి,

నువ్వు చెప్పిన పని అయిపోయింది. నీళ్లు పోశాను. నీలంగా ఉన్నాయి. గడ్డకట్టడం లేదు. మిలిసావ్ మొదటిరోజు వచ్చి, "అద్దం బాగా తుడుచుకుంటోందే, మంచిది తెచ్చావు" అన్నాడు. నేను బకెట్టు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

బండి మా పెరట్లోనే ఉంటుంది. తెల్లారకముందే కొండ మీది ఇళ్లకి వెళ్లి పదకొండుమంది పిల్లల్ని స్కూలుకి దింపుతాడు. కడగడం, నీళ్లు పోయడం నా పని. ఇన్నేళ్ల తర్వాత ఒక పని దొరికింది కదా ఆయనకి, అందులో నా చెయ్యి కూడా ఉందని నాకు సంతోషం.

మా ఇంట్లో సారా కాచడం ముగిసింది. ఈసారి ప్లమ్ పళ్లు బాగా కాశాయి. అత్తగారూ పక్కింటి తాతా కలిసి కాచారు. ఆ మూడు రోజులూ మిలిసావ్ ఇంటికి రాలేదు, స్కూల్లో కట్టెలు కొట్టి అక్కడే పడుకున్నాడు. తాగుడు మానేసి రెండేళ్ల రెండు నెలలు. ఆయన నెలలు లెక్కపెట్టడు. నేను లెక్కపెడతాను.

బట్టీలోంచి మొదట కారే తొలిధారని అత్తగారు ఎప్పటిలాగే విడిగా తీసి సీసాలకి ఎర్రగుడ్డ కట్టింది. అది తాగకూడదు కదా. మోకాళ్లకి రాసుకుంటుంది, కిటికీలు తుడుస్తుంది. ఇల్లంతా ఇంకా ఆ వాసనే. జుట్టు మూడుసార్లు కడుక్కున్నా పోలేదు.

స్తోయాంక


గోర్న్యె పోల్యె,
డిసెంబరు 1

అక్కా,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను. ఇది చదివి చించెయ్యి.

మిలిసావ్ మళ్లీ తాగుతున్నాడు.

నేను చూడలేదు. కానీ కోటు వాసన వస్తోంది. మఫ్లరు వాసన వస్తోంది. మొదట అది ఇంటి వాసనేమో అనుకున్నాను. ఇల్లంతా కడిగాను, అయినా ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే వస్తోంది. ఆయన నిద్రపోయాక కోటు మొహానికి అద్దుకుని వాసన చూస్తున్నాను. దొంగలాగా.

మనిషి కూడా మారిపోయాడు. మొహం పాలిపోయి వస్తాడు. వచ్చీరాగానే మొహం కడుక్కుంటాడు, కాసేపాగి మళ్లీ కడుక్కుంటాడు. నా కళ్లలోకి చూడడు. అంత చలిలో కూడా బండి అద్దం దించుకుని నడుపుతున్నాడట. మొన్న కొట్లో రొట్టె కోసం నిలబడితే రూజిచ్చ అందరి ముందూ అంది, "మా చిన్నవాడు ఏమన్నాడో తెలుసా? బండిలో తాతయ్య వాసన వస్తోందట!" వాళ్ల తాత తాగుడు సంగతి ఊరందరికీ తెలుసు. అంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే తెలిసిపోతుందని.

పదకొండుమంది పిల్లలు అక్కా. వంతెన దగ్గర మలుపు నువ్వు చూశావు.

ఆయన్ని అడగడానికి నోరు రావడం లేదు. నువ్వే చెప్పు, ఏం చెయ్యను?

స్తోయా


పాంచెవో,
డిసెంబరు 5

స్తోయా,

అడగకు. అడిగితే లేదంటాడు. నా మొగుడు ఆంద్రియా రొట్టె మీద చెయ్యి పెట్టి ఒట్టేసేవాడు.

నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెబుతున్నాను. ఆంద్రియా పొగమంచులో బండితో చెట్టుని గుద్దుకుని పోయాడని అమ్మకి చెప్పాను, నీకు చెప్పాను, పాదిరీగారికీ అదే చెప్పాను. ఆ పొద్దున పొగమంచు లేదు. ఎండ కాసింది. నెలరోజులుగా కోటు వాసన చూస్తూనే ఉన్నాను, నీలాగే. అడిగాను, ఒట్టేశాడు, నమ్మాను. నమ్మలేదు, నమ్మినట్టు ఉన్నాను. ఆయన ఒక్కడే పోయాడు, పక్కన ఎవరూ లేరు, దేవుడి దయ. నీ మొగుడి వెనక పదకొండుమంది ఉన్నారు.

హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి చెప్పు. నీ పేరు బయటికి రానివ్వద్దని అడుగు. ఉద్యోగం పోతే పోనీ. కోపం వస్తే రానీ. బతికున్న మొగుడి కోపం భరించవచ్చు.

నాలాగా నోరు మూసుకోకు. ఈ ఒక్కసారి నా మాట విను.

రాదోయ్క


గోర్న్యె పోల్యె,
డిసెంబరు 13

అక్కా,

చెప్పాను.

హెడ్మాస్టరు తాదియాగారి గది బయట చాలాసేపు నిలబడ్డాను. లోపలికి వెళ్లి తలుపు దగ్గరే ఆగాను. ఆయనే, "కూర్చో అమ్మా, మిలిసావ్ పంపాడా?" అన్నారు. కాదన్నాను. బండిలో వాసన వస్తోందట, పిల్లలు అంటున్నారట, కాస్త చూడండి అన్నాను. అంతే. ఆ మాటకే ఆయనకి అర్థమైపోయింది. "నేనూ విన్నాను. ఇంట్లోదానివి నువ్వే చెబుతుంటే ఇక అనుమానమేముంది!" అన్నారు. నా పేరు ఎక్కడా రాదన్నారు.

మర్నాడు మిలిసావ్ మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. తాళాలు ఇచ్చెయ్యమన్నారట. తాగావో లేదో పరీక్షలూ అవీ పెడితే ఊళ్లో రచ్చవుతుంది, కొన్నాళ్లు సెలవు మీద ఉండు, బండి నేను నడుపుతాను అన్నారట తాదియాగారు. ఊళ్లోవాళ్లెవరో చెప్పారని కూడా అన్నారట.

అక్కా, మిలిసావ్ ఎదురు చెప్పలేదట. తాగలేదని కూడా అనలేదట. ఆ మాట విన్నప్పుడు, హమ్మయ్య, నేను అబద్ధం చెప్పలేదు అనుకున్నాను. అంతలోనే సిగ్గేసింది. మొగుడు తప్పు చేశాడని ఊపిరి పీల్చుకునే ఆడదాన్ని అయ్యాను.

కట్టెలు కొడుతున్నాడు. ఈ ఏటికి సరిపడా ఎప్పుడో కొట్టేశాడు, ఇప్పుడు వచ్చే ఏటివి కొడుతున్నాడు.

వచ్చే శుక్రవారం మా ఇంటి పండుగ, సెయింట్ నికోలా రోజు. ఎవరొస్తారో చూడాలి.

స్తోయా


గోర్న్యె పోల్యె,
డిసెంబరు 20

అక్కా,

ఇది ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నిన్నటి సంగతి ముందు చెబుతాను.

పండుగకి అంతా వచ్చారు. పిలవని పండుగ కదా, తలుపు తీసి ఉంటే చాలు. చేపలు, బీన్సు, కొవ్వొత్తి, అన్నీ పద్ధతిగానే జరిగాయి. గుమ్మంలో నేను, వచ్చినవాళ్లు ముందుగా ఒక చెంచా తినే తేనె గోధుమల పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. మిలిసావ్ అందరికీ సారా పోస్తూ తన గ్లాసులో నీళ్లు పోసుకున్నాడు. చూసినవాళ్లు మోచేతులతో పొడుచుకున్నారు.

అత్తగారు బల్ల దగ్గర నిలబడి గట్టిగా అంది, "నా కొడుకు నోటి దగ్గర రొట్టె లాక్కున్న నాలుక ఎవరిదోగానీ, ఆ నాలుక ఉప్పుకీ తీపికీ కాకుండా పోవాలి!" అందరూ తలూపారు. నేను పళ్లెం పక్కవాళ్ల ముందుకి పట్టాను.

తాదియాగారు కూడా వచ్చారు. రెండు గ్లాసులయ్యాక నవ్వుతూ మిలిసావ్ భుజం మీద చెయ్యి వేశారు. "ఒరేయ్, ఆ సీసా ఎక్కడ దాచావో చెప్పరా బాబూ! పది రోజులైంది నేను బండి నడపబట్టి. అద్దం తుడిచినప్పుడల్లా గుప్పుమంటోంది. మా ఆవిడ నన్ను గుమ్మంలోనే ఆపి మూతి వాసన చూస్తోంది. అరవై ఏళ్లకి నాకీ గతి!"

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మిలిసావ్ నవ్వలేదు. "దాచలేదు" అన్నాడు, చాలా చిన్నగా.

అద్దం తుడిచినప్పుడల్లా.

అక్కా, పళ్లెం నా చేతిలోనే ఉంది. పడిపోలేదు. ఆ క్షణంలోనే నాకు అర్థమైపోయింది. అయినా నిలబడి, తర్వాత వచ్చినవాళ్లకి చెంచా అందించాను.

నేను నీళ్లు కొనలేదు. నీకు అబద్ధం రాశాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని బంకుకి వెళ్లాను. అక్కడ లారీవాళ్లు ఐదారుగురు కాఫీ తాగుతున్నారు. బంకతను, "ఏం కావాలి? ఎన్ని డిగ్రీలకి? ఏ రకం?" అని అడిగాడు. అన్నీ తెలుసు నాకు, నువ్వు రాశావు కదా. కానీ అందరూ చూస్తుంటే ఒక్కటీ నోటికి రాలేదు. ఉత్తరం తీసి కూడబలుక్కుని చదవడానికి సిగ్గేసింది. ఇంతలో ఒకడన్నాడు, "మిలిసావ్ పెళ్లాం కదూ! మంచి రకం ఇవ్వరా, తాగేది ఆయనేగా!" ఇంకొకడు, "మిగిలితే బండికి పోసుకుంటాడులే!" అన్నాడు. బస్సెక్కేదాకా వాళ్ల నవ్వు వినపడుతూనే ఉంది.

ఇంటికొచ్చి అత్తగారి సీసాల్లోంచి తొలిధార తీశాను. పక్కింటి తాత ఒకసారి తన ట్రాక్టరుకి అదే పోయడం చూశాను, గడ్డకట్టదు. సగానికి సగం నీళ్లు కలిపాను. కొన్నదానిలా కనపడాలని బట్టలకి వేసే నీలిమందు కాస్త వేసి, బండితోపాటు వచ్చిన పోయినేటి ఖాళీ డబ్బాలో పోశాను. అయిపోయినప్పుడల్లా మళ్లీ కలిపాను. తాళాలు పోయేనాటి పొద్దున కూడా డబ్బా నిండా పోసి బండిలో పెట్టాను, తాదియాగారు ఇప్పటికీ దాంట్లోంచే పోసుకుంటున్నారు. చలికి అద్దాలన్నీ మూసి వేడిగాలి పెడితే ఆ వాసన లోపలికొస్తుందని నాకు తట్టనే లేదు. బండి కడిగేదాన్నేగానీ ఒక్కసారి కూడా అందులో ఎక్కలేదు.

ఆయన కోటు వాసన చూసింది నేను. ఆ వాసన పోసింది నేను. వెళ్లి చెప్పింది నేను. విషం పీల్చిన పిల్లలకి తలనొప్పులు ఎన్ని వచ్చాయో, అది కూడా నేనే.

రాత్రి చెబుదామనుకున్నాను. చెప్పలేదు. పొద్దున కూడా చెప్పలేదు.

స్తోయాంక


పాంచెవో,
డిసెంబరు 26

చెల్లీ,

ఉత్తరం చదివి కౌంటరు దగ్గరే కూర్చుండిపోయాను. ఒకడు హారను కొట్టి కొట్టి వెళ్లిపోయాడు.

మొదట నీ మీద కోపం వచ్చింది. డబ్బా కొనడానికి సిగ్గుపడ్డదానివి, తొలిధారకి రంగు కలపడానికి సిగ్గుపడలేదా అనుకున్నాను. తర్వాత నా పోయిన ఉత్తరం గుర్తొచ్చింది. అడగకు అని రాశాను. ఎంత ధీమాగా రాశాను! నా మొగుడు అబద్ధాలకోరు కాబట్టి అందరి మొగుళ్లూ అంతే అని తేల్చేశాను. నువ్వు ఒక్కమాట అడిగి ఉంటే మిలిసావ్ లేదనేవాడు, ఇద్దరూ కలిసి వాసన ఎక్కణ్నుంచా అని వెతికేవాళ్లు. ఆ దారి మూసింది నేను. రోజూ వంద బళ్ల అద్దాలు తుడుస్తాను. వాసన అనగానే నాకు అద్దం నీళ్లు గుర్తుకి రావాలి. రాలేదు. ఆంద్రియా గుర్తొచ్చాడు.

సోమవారం బస్సు డ్రైవరు చేతికి రెండు డబ్బాలు ఇస్తాను. మైనస్ ముప్పై, మిథైల్ కాదు, ఇథైల్‌ది, సీలు వేసింది. ముందు ఆ టాంకీలోదంతా తీసేయించు, మంచినీళ్లతో కడిగి మొత్తం వంపేయించు, తర్వాత కొత్తది. ఏమీ కలపొద్దు. డబ్బాలో మిగిలిన తొలిధార పిల్లలకి దొరక్కుండా పారబొయ్యి. ఈలోగా అద్దాలు కాస్త దించి నడపమని హెడ్మాస్టరుకి వెంటనే చెప్పు. పిల్లల సంగతి, దానికి నీ సిగ్గు అడ్డం రాకూడదు.

ఇక నాకు ఉత్తరాలు రాయకు, మిలిసావ్‌కి చెప్పేదాకా. రెండూ చెప్పాలి. తొలిధార సంగతీ, హెడ్మాస్టరు సంగతీ. మొదటిది చెప్పి రెండోది మింగెయ్యాలని అనిపిస్తుంది. నీ అక్కని కాబట్టి నాకు తెలుసు. నా పేరు కూడా చెప్పు, నేనే చెప్పమన్నానని.

నేనూ మొన్న అమ్మకి ఉత్తరం రాశాను. ఆ రోజు పొగమంచు లేదని.

రాదోయ్క


గోర్న్యె పోల్యె,
జనవరి 23, 1987

అక్కా,

చెప్పేశాను కాబట్టి రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన రోజే తాదియాగారి ఇంటికి పరిగెత్తాను. టాంకీలో ఉన్నది తొలిధార అని గుమ్మంలోనే చెప్పాను. లోపల్నుంచి వాళ్లావిడ, "విన్నారా! నేను అనలేదూ!" అంది. ఏం అన్నానంటోందో నాకు అర్థం కాలేదు, తను కూడా మొగుడినే అనుమానించింది కదా. అప్పటికి స్కూలుకి సెలవులు ఇచ్చేశారు, అదొక్కటే నయం.

అక్కణ్నుంచి నేరుగా పెరట్లోకి వచ్చాను. మిలిసావ్ జనవరి ఏడు క్రిస్మస్‌కి ఓక్ కొమ్మ చెక్కుతున్నాడు. నిలబడే చెప్పాను. బంకు, లారీవాళ్లు, నీలిమందు, అన్నీ. ఆయన గొడ్డలి కింద పెట్టాడు.

"అంటే ఆ వాసన నిజంగా ఉందా?" అన్నాడు.

ఉందన్నాను.

"బండిలో? నిజంగానే బండిలో ఉందా?"

మొద్దు మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. అద్దం తుడిచినప్పుడల్లా వాసన వస్తుంటే అది తన తలలోంచి వస్తోందనుకున్నాడట. రెండేళ్లకి ఒళ్లు మళ్లీ అడుగుతోందనుకున్నాడట. పిల్లలకి కూడా వస్తోందని విన్నప్పుడు, నిద్రలో లేచి తాగుతున్నానేమో, నాకే తెలియడం లేదేమో అనుకున్నాడట. తాళాలు అడిగితే అందుకే ఇచ్చేశాడు. తన మీద తనకే నమ్మకం లేక.

అప్పటికి ఆయన మొహం తేలికపడింది. నా చెయ్యి పట్టుకున్నాడు. "పోనీలే, నీలిమందు కలిపావా, అబ్బా!" అన్నాడు. అక్కడితో ఆపేద్దామనిపించింది అక్కా. నువ్వన్నట్టే.

"తాదియాగారికి చెప్పింది కూడా నేనే" అన్నాను.

చెయ్యి వదిలేశాడు.

కోటు వాసన చూశాననీ నీకు రాశాననీ చెప్పాను, నువ్వు చెప్పమన్నావని మాత్రం అనలేదు. నడిచి వెళ్లిన కాళ్లు నావి.

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. క్రిస్మస్ రోజున కూడా, రొట్టె విరిచి నా ముక్క నా ముందు పెట్టాడు, అంతే. అత్తగారికి నేనే చెప్పాను. ముందు, "నా మోకాళ్ల మందంతా బండికి పోశావా?" అని అరిచింది. రెండో సంగతి విన్నాక బల్ల పట్టుకుని కూర్చుంది. "అయితే ఆ శాపం నా ఇంటికే పెట్టానన్నమాట" అని పైకి చూసి శిలువ గీసుకుంది.

పంతొమ్మిదిన స్కూలు తెరిచారు. తల్లులందరినీ తాదియాగారు వసారాలో నిలబెట్టారు. "నేను చెబుతానమ్మా, నువ్వు ఊరికే నిలబడు" అన్నారు. వద్దన్నాను. నేనే చెప్పాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు, కాళ్ల కింద నేల చూస్తూనే మాట్లాడాను. మిలిసావ్ తాగలేదు, వాసన నేను పోసింది, పిల్లల తలనొప్పికి కూడా నేనే కారణం, క్షమించండి అన్నాను. రూజిచ్చ, "ఓసి నీ సిగ్గు తగలెయ్య, ముప్పై అని చెప్పలేక ఇంత చేశావా!" అంది. ఒకామె మాత్రం తన కొడుకు నాలుగు రోజులు వాంతులు చేసుకున్నాడని చెప్పి, మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. ఆమెదే న్యాయం.

మిలిసావ్‌కి తాళాలు తిరిగి ఇచ్చారు. నువ్వు పంపిన డబ్బా తెచ్చి సీలు చూసి, మీద రాసింది మొత్తం నిదానంగా చదివి పోశాను. ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. తొందరపెట్టలేదు. సాయమూ చెయ్యలేదు.

ఇవాళ పొద్దున బండి దగ్గరికి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. మూడు వారాల తర్వాత మొదటి మాట.

"కోటు వాసన చూశావు. అక్కకి రాశావు. హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లావు. నన్ను మాత్రం ఒక్కసారీ అడగలేదు."

నేను తల దించుకున్నాను.

"ఇప్పుడు అడుగు" అన్నాడు.

తల ఎత్తాను. "తాగావా?" అన్నాను.

"లేదు" అన్నాడు.

చలిటోపీ పెట్టుకుని పిల్లల కోసం వెళ్లాడు.

నీ స్తోయాంక